పుట్టమన్ను పొయ్యి

బెల్లంకొండ,
తారణ సంవత్సరం, మార్గశిర మాసం, శనివారం.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రభావతికి, మీ నాయన ఇన్నయ్య దీవించి వ్రాయునది.

ముందుగా నా రాతకీ, తప్పులకీ ఏమీ అనుకోమాక. చదివింది వీధిబడి, అదీ సేద్యంలో దిగిందాకే. అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో. ఎప్పుడూ కరణం గారి చేత రాయించేవాణ్ణి గానీ, ఈ సంగతులు ఇంకొకరికి చెప్పి రాయించేవి కావు. ఇక్కడ నేనూ గేదే క్షేమం. చిలకలూరిపేటలో కొత్త కాపరంలో నువ్వూ, అల్లుడు ధనుంజయరావు గారూ క్షేమమని తలుస్తాను. మిల్లులో ఆయన గుమస్తా పని కుదురుగా సాగుతున్నందుకు చానా సంతోషం.

నీ జాబు అందింది. ప్రతి వరసలోనూ ఖాసిం బాబాయే. సంతలో కుండలు ఏరి ఇచ్చింది ఖాసిం బాబాయి. ఉట్టి కట్టింది ఖాసిం బాబాయి. పొయ్యి వేసింది ఖాసిం బాబాయి, పొగన్నదే రావట్లేదు, వీధిలో ఆడాళ్ళంతా వచ్చి చూసి పోతున్నారు. నా పేరు ఒక్కచోట ఉంది, అది కవరు మీద చిరునామాలో.

మీ పక్కింట్లో ఉండి గిన్నెలకి కళాయి పూసుకునే మనిషికి పొయ్యి సంగతి ఏం తెలుసు? మీ అమ్మ పోయిన కాణ్ణించి మనింట్లో పొయ్యి వేసింది నేను కాదా? మగాడు పొయ్యి వేయడమేందిరా ఇన్నయ్యా అని బావి దగ్గర నవ్వినా తలొంచుకుని వేశా. నువ్వు పక్కన కూచుని మట్టి ముద్దలు అందించేదానివి. ఆరినాక ఎర్రమట్టి పూసి ముగ్గు పెట్టేదానివి. ఇప్పుడు ఆ ముద్దలు ఖాసింకి అందించావన్నమాట. అందించు. దగ్గరున్నోళ్ళకే గదా అందేది.

సరే, ఆయన చెప్పనివి కొన్ని చెబుతా విను. కొత్త కుండ తేగానే పొయ్యి మీద పెట్టావని, పగిలిందని రాశావు. చూశావా. ఏరి ఇచ్చిన మనిషి నానేయమని చెప్పొద్దూ? రాత్రంతా నీళ్ళలో ఉంచి, మర్నాడు గంజి పోసి సన్నసెగ మీద కాచి పారబోయాలి. అప్పుడు కుండ గట్టిపడుతుంది. పగిలిందని చదివితే నాకు లోపల కొంచెం హాయిగా ఉంది. తప్పే.

ఇత్తడి జోలికి పోమాక. యుద్ధం రోజులు, మనబోటి వాళ్ళు ధర అడిగేట్టు కూడా లేదు. కళాయి పూసే మనిషి ఇత్తడే మంచిదంటాడు, ఆయన బతుకుదెరువు అది. మంచినీళ్ళకి కుండే చలవ. కొబ్బరిచిప్పకి వెదురుపుల్ల దూర్చుకుంటే గరిటె. చేట కొన్నావుగా, మెంతులు నానబెట్టి రుబ్బి చింపిన కాగితాలు కలిపి మెత్తు, సందులు పూడిపోయి నూక కూడా జారదు. కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు దేనికీ చాలదు, పొద్దుండగానే వండుకుని తినండి, గూట్లోకి ఆముదం దీపం చాలు. బూడిద పారబోయమాక. అంట్లకి పనికొస్తుంది, కందుల్లో కలిపితే పురుగు పట్టదు. ఉప్పూ నిప్పూ పొరుగింట అడగమాక. ఖాసిం వాళ్ళింట్లో అసలే అడగమాక.

చివర్న నువ్వు కోపంగా రాశావు. పాలు పొంగించే నాటికి నాయన రాలేదు, ఎవరో ముసలాయన చేత గోతం నిండా పుట్టమన్ను పంపి చేతులు దులుపుకున్నాడు, ఆ ముసలాయనైనా గుమ్మందాకా రాకుండా ఖాసిం బాబాయికి అప్పగించి పోయాడు అన్నావు. కోటప్పకొండ తిరునాళ్ళకి రమ్మంటున్నా, ఈసారీ రాకపోతే ఇంక పిలవనన్నావు. కన్నతండ్రి కంటే పక్కింటి బాబాయే నయమన్నావు.

ఆ వరస చదివాక కంచం పక్కన పెట్టా. లేచి మన పొయ్యి పగలగొట్టా. ఖాసిందాని కంటే మంచిది వేసి, వేశానని నీకు రాద్దామనుకున్నా. కుదరలా. ఒక పక్క కూలింది. మన్ను మంచిది కాదు. ఆ సంగతి వదిలేయి.

తిరునాళ్ళకి రావడం కుదరదేమో. గేదెని చూసేవాళ్ళు లేరు. అల్లుడు గారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ నాయన,
ఇన్నయ్య.

తా.క. కవరు అంటించబోయి ఆగా. గేదె మాట అబద్ధం. మన్ను మంచిది కాదన్నదీ అబద్ధం.

ఆ ముసలాయన నేనే తల్లీ.

పాలు పొంగించే ముందు రోజు బొగ్గులతో నడిచే బస్సు దిగి, గోతం మోసుకుని మీ వీధిలోకి వచ్చా. నీకు పొయ్యి నేనే వేద్దామని వచ్చా. కార్తీకం నుంచీ నా చేతులు వణుకుతున్నాయి. చెంబెత్తితే సగం మజ్జిగ పంచె మీదే. మీ వీధి మొదట్లోకి రాగానే భయం పుట్టింది. అల్లుడు గారి వాళ్ళందరూ అరుగు మీద ఉన్నారు. వాళ్ళ ముందు పొయ్యి వేయి నాయనా అంటావు, మట్టి ముద్ద అందిస్తావు, అందుకునే చెయ్యి చూస్తావు.

మీ పక్కింటి ముందు ఖాసిం బిందెకి కళాయి పెడుతున్నాడు. కాలుతున్న బిందెలో తగరం వేసి గుడ్డతో ఒక్క చుట్టు తిప్పాడు, అద్దంలా వచ్చింది. ఆయనదీ నా ఈడే ఉంటుంది. చెయ్యి బెదరలా. నా కుళ్ళు ఆ మనిషి మీద కాదమ్మా, ఆ చేతుల మీద.

ఎవరి కోసం పెద్దాయనా అన్నాడు. ఆ పిల్ల ఊరివాణ్ణి, వాళ్ళ నాయన పొయ్యికి మన్ను పంపాడన్నా. కూతురికి మన్ను పంపే తండ్రిని ఇప్పుడే చూస్తున్నానని నవ్వాడు. ఒళ్ళు మండింది. ఇది ఉత్త పుట్టమన్ను కాదయ్యా, ఆ పిల్ల తల్లి వేసిన పాత పొయ్యి మట్టి దాచి ఉంచింది ఇందులో ఓ పిడికెడు కలిపి ఉంది, పుట్టింటి పొయ్యి మట్టి కలవందే మాలో కొత్తింట పొయ్యి వేయరు అన్నా. నవ్వు ఆపేశాడు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, గోతం రెండు చేతులా అందుకున్నాడు.

దుమ్ములో కూచుని పుల్లతో గీసి చూపించా, వెనక పొగకి ఎంత సందు వదలాలో, నోరు ఎంత వాలుగా ఉండాలో. పుల్ల వణికి గీత చెదిరింది. ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి గీయించాడు. పేరు అడగలా. మంచినీళ్ళు ఇచ్చాడు, చెంబు తనే పట్టుకుని తాగించాడు. నేనెవరో ఆయనకి తెలిసిపోయే ఉంటుంది. నీకు మాత్రం చెప్పలా. దానికీ నాకు కుళ్ళుగానే ఉంది. నేనైతే చెప్పేసేవాణ్ణి.

నీ పొయ్యి ముందు కూచోవాలని ఉంది. తిరునాళ్ళకి వస్తా. మజ్జిగ చెంబులో సగమే పోసి ఇవ్వు. రమ్మని ఒక్క ముక్క తొందరగా రాయి.