చివరి ఆరు బొమ్మలు

ప్రియమైన అన్నయ్యకి,

ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నాన్న పాత ఫోను పగిలిపోయినా అందులోని మెమరీ కార్డు బతికే ఉంది. అమ్మ కుట్టు మిషను సొరుగులో దొరికింది. నాన్న గోడకి రంగేసిన రోజు నువ్వు తీసిన వీడియో ఆ కార్డులోనే ఉంది. అది ఇప్పటి ఫోన్లలో నల్లగా తప్ప కనపడదు, అంత పాత రకం. మా ఆఫీసులో నేను చేస్తున్నది సరిగ్గా ఇలాంటివి ఆడించే యాప్. రెడీమేడ్ ప్లేయర్ చేతులెత్తేసిన చోట, సి ప్లస్ ప్లస్‌లో రాసి ఫోను లోపలుండే డీకోడర్‌తో నేరుగా పని చేయించుకుంటాను. వీడియో అంటే నొక్కి మూటకట్టిన బొమ్మల వరస. మూట అందిస్తే డీకోడర్ విప్పి ఒక్కో బొమ్మ చేతికిస్తుంది. ఇది నాకు ఏ కాలేజీ నేర్పలేదు. తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నాను.

నిన్న చూశాను. మాటలు రికార్డవలేదు, ఉత్త బొమ్మే. గోడకి సగం దాకా లేత పచ్చ రంగు. నిచ్చెన మీద నాన్న వీపు. కింద నేను, రెండేళ్ల దాన్ని, రంగు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అంతే. అయిపోయింది. నాన్న తిరగలేదు.

"నువ్వు నాన్నా అని పిలిచావే, ఆయన తిరిగి చూసి పగలబడి నవ్వారే" అని ఎన్నిసార్లు చెప్పావు? ఆ ఏడాదే ఆయన పోయారు. అమ్మేమో ఆ రోజు డ్యూటీలో ఉంది, తనకీ తెలీదు. బిగుసుకుని దిగిన ఫోటోల్లో తప్ప నాన్న ముఖం తెలీని దాన్ని. నా దగ్గరున్న నాన్న ఆ నవ్వొక్కటే. అదీ కోతలేనా?

మండిపోతూ,
నీ చెల్లి

---

ప్రియమైన చిటపటా,

ఉత్తరం కూడా అరుస్తుందని ఇవాళే తెలిసింది. చదువుతూ ఇస్త్రీపెట్టె తీయడం మర్చిపోయాను. ఎవరిదో చొక్కా కాలరు మాడింది, ఓనరు నాకు ఇస్త్రీ చేశాడు.

ఆ రంగు వాసన నాకింకా ముక్కులోనే ఉంది. నాన్న తన ఫోను నా చేతికివ్వడం అదే మొదటిసారి. "పడేశావంటే తోలు తీస్తాన్రా" అన్నారు. నువ్వు పిలిచావు. తిరిగారు, నవ్వారు. "ఒరేయ్, ముందు దాన్ని పట్టుకోరా" అన్నారు. ఫోను జేబులో కుక్కి పరిగెత్తాను. నిన్నెత్తుకుంటే నా చొక్కా నిండా పచ్చ.

ఇలాగే గుర్తు. కానీ నీకు జ్వరం వచ్చినప్పుడల్లా చెప్పమనేదానివి, చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ, చూసింది చెబుతున్నానో, చెప్పింది గుర్తుంచుకున్నానో నాకే తెలీడం లేదు. యంత్రానికి అబద్ధమాడే పనేముంది? నేనే కల్పించి ఉంటాను. తిట్టుకో, తిండి మాత్రం మానకు.

ప్రేమతో,
అన్నయ్య

---

చిటపటా,

జవాబు లేదు. పోనీలే.

ఒక్కటే బాధ. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాక్కూడా వీపే కనిపిస్తోంది. ఎంత లాగినా ఆ నవ్వు రావడం లేదు.

అన్నయ్య

---

ప్రియమైన అన్నయ్యా,

నేను గాడిదని. ముందు అది రాసుకో.

మా యాప్ వాడే ఒకావిడ తిడుతూ రాసింది: "మావాడు పరుగు పందెంలో గెలిచాడు. మీ యాప్‌లో మాత్రం రిబ్బను తాకనే తాకడు." వేరే వీడియోలు పెట్టి చూశాను. అన్నిటికీ తోక తెగింది. తప్పు నాదే. డీకోడర్ ఎప్పుడూ కొన్ని బొమ్మలు కడుపులో ఉంచుకుంటుంది, ఇంకా మూటలు వస్తాయేమోనని. ఇక రావు, అయిపోయింది అని మనం దానికి చెప్పాలి. అప్పుడే దాచుకున్నవి ఇచ్చేస్తుంది. నేను ఫైలు అయిపోగానే చెప్పాపెట్టకుండా తలుపేసి వచ్చేశాను.

నాన్న వీడియో మళ్లీ పెట్టి, ఈసారి చెప్పాను. ఆరు బొమ్మలు బయటికొచ్చాయి. అర సెకను కూడా ఉండదు.

మొదటి దాంట్లో వీపే. తర్వాత భుజం కదిలింది. తర్వాత చెవి, చెంప. ఆరో దాంట్లో ముఖం మొత్తం, మసగ్గా. ముక్కు మీద పచ్చ చుక్క. కళ్లు నా మీదే. నోరు అప్పుడే తెరుచుకుంటోంది.

నవ్వు లేదన్నయ్యా. ఇంకా రాలేదు. అక్కడే నీ వేలు తగిలి ఆగిపోయినట్టుంది. ఇంకేమైనా మిగిలిందేమోనని ఆ ఫైలంతా తవ్వాను. లేదు. అది చూసింది లోకంలో నువ్వొక్కడివే. నీ దగ్గర్నుంచి దాన్ని కూడా లాగేసుకున్నాను నేను.

ఆరింటినీ అచ్చు వేయించి ఇందులో పెట్టాను. వరసగా పేర్చుకుని చూడు. ఆరో దాని దగ్గర కళ్లు మూసుకో. ఏం కనిపించిందో రాయి. నమ్ముతాను.

నీ
చిటపట