తొమ్మిదో అంతస్తు తలుపు

టొరంటో, అక్టోబరు 9

ఓడెట్ అక్కకు, నేను క్షేమం. నా మీద పెట్టిన ఫిర్యాదు వీగిపోయింది, ఉద్యోగానికేమీ భయం లేదు.

నేను లిఫ్టుల తనిఖీకి వెళ్లిన ఆ మేడకు రెండు గుమ్మాలు: ఫ్లాట్లు కొనుక్కున్నవారికి వీధి వైపు, తక్కువ అద్దెకున్నవారికి సందు వైపు. లిఫ్టులూ వేరు. ప్రతి అంతస్తులోనూ ఆ రెండు వైపులకూ నడుమ తాళం వేసిన తలుపు. సందు వైపు లిఫ్టు ఇనుపతాళ్లు అరిగిపోయాయి కనుక దాన్ని ఆపక తప్పలేదు. ఆపితే తొమ్మిదో అంతస్తులోని ఫిలొమినా గారు డయాలసిస్‌కు వెళ్లలేరు. అందుకే, మరమ్మతు అయ్యేదాకా అక్కడి తలుపు తీసి ఉంచాలని ఉత్తర్వులో రాశాను.

"కొనుక్కున్నవాళ్లు నా మీద పడతారు మేడమ్!" అన్నాడు మేనేజరు. ఫిర్యాదు చేసింది అతనే.

అదే అంతస్తులో అటువైపు ఫ్లాటు కొనుక్కున్న ప్రెస్కాట్ గారు, "నా కుక్క ఎక్కే లిఫ్టు ఆవిడ ఎక్కితే ఏం పోయిందయ్యా?" అన్నారు.

"దానికన్నా తక్కువే కరుస్తాలే బాబూ," అన్నారు ఫిలొమినా గారు.

నిన్నటితో మరమ్మతు పూర్తయింది. మేనేజరు ఆ తలుపు మూయడానికి తాళంతో వెళ్లేసరికి సరిగ్గా దాని గుమ్మంలో బల్ల వేసుకుని ఇద్దరూ పేకాడుతున్నారు. "ఆట అవనీ," అన్నారట. ఇంకా అవలేదు. తక్కిన అంతస్తుల్లో తాళాలు అలాగే ఉన్నాయి. ఎనిమిదో అంతస్తువారు మాత్రం బల్ల కొలతలు అడిగి వెళ్లారు.

బావ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కనివ్వకు. బ్లూబెర్రీ జామ్ రెండు సీసాలు పంపు. ఆదివారం ఆటకు నన్నూ పిలిచారు, వట్టి చేతులతో వెళ్లలేను.

పిల్లలు చల్లగా ఉండాలి.

నీ చెల్లెలు,
మార్సెలిన్