రబ్బరు మొక్కను పీకి చూడకు

అక్కా,

డ్యూటీకి వెళ్తున్నాను. నిద్ర చెడగొట్టడం ఎందుకని లేపలేదు.

నీకు దండం పెడతాను, ఆ రబ్బరు మొక్కను మళ్ళీ పైకి లాగి చూడకు. కొత్త కుండీలో వేళ్ళు పట్టాయో లేదో అని రోజూ పీకి చూస్తుంటే అవి ఎప్పటికి పట్టుకుంటాయి చెప్పు? నేనెక్కడ పీకానని బుకాయించకు. కుళాయి మీద నీ మట్టి వేళ్ళ అచ్చులు అలాగే ఉన్నాయి.

కుండీ మార్చాక నాలుగు ఆకులు పండి రాలతాయి, అంతమాత్రాన చచ్చిపోతున్నట్టు కాదు. కంగారుపడి నీళ్ళు గుమ్మరించకు. మట్టిలో వేలు పెట్టి చూడు, లోపల కూడా పొడిగా ఉంటేనే ఒక గ్లాసుడు పొయ్యి. ఎరువు జోలికి అసలు పోవద్దు. నేరుగా ఎండ తగలకుండా కిటికీకి కాస్త ఎడంగా పెట్టాను, అక్కడే ఉండనీ. ఊడ్చేటప్పుడు కూడా జరపకు. అయినా నిన్ను ఇల్లు ఊడవమని ఎవరడిగారు? పరాయి ఇంట్లో ఉన్నట్టు ఒక్క క్షణం కుదురుగా కూర్చోవు. పొయ్యి పక్కన టిఫిన్ ఉంది, తిను.

చోటు లేక అంచున రాస్తున్నాను. నిన్నంటున్నాను గానీ, నేను మాత్రం తక్కువ తిన్నానా? నువ్వు బావ దగ్గర్నుంచి వచ్చేసినప్పటి నుంచీ, రోజూ ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా "ఏమాలోచించావక్కా?" అని నీ ప్రాణం తోడేస్తున్నాను. ఇక అడగను.

అలమారాలో మధ్య అర ఖాళీ చేశాను. నువ్వు తెచ్చుకున్న పెట్టెలోంచి బట్టలు తీసి సర్దుకో.