ఎర్ర దుప్పటి

ఏమండీ,

మీకు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, ఓడలో మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. నా రాత చూసి నవ్వకండి. అయిదో తరగతితో ఆగిన చదువు, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే. పైగా ఈ ఉప్పుగాలికి కాగితం మెత్తబడి సిరా పాకుతోంది. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

మీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ఒక్కొక్కటే చెబుతాను. వంటింటి కుళాయి కారడం ఆగింది. వీధి తలుపు మాత్రం చెమ్మకి ఉబ్బిపోయింది, భుజంతో ఒక్క తోపు తోస్తే గానీ రాదు. ఉప్పు డబ్బాలో నీరు ఊరుతోంది. అగ్గిపుల్లలు పది గీస్తే ఒకటి అంటుకుంటోంది. వేళకి తింటున్నావా అన్నారు. తింటున్నాను. కానీ ఒక్కదానికి వండటం ఇంకా చేతకావడం లేదు, ఎంత తగ్గించినా ఇద్దరికి సరిపడా అవుతుంది. నలభై మందికి గరిటె తిప్పే మీకు ఇది నవ్వులాటే.

ఇంటావిడతో గొడవేమీ లేదు. మొన్న వచ్చి, "నీలాంటి వాళ్ళు దొరకరమ్మా, ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండదు!" అంది. మెచ్చుకోలే అది. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ మాటే తల్చుకుంటూ కూర్చున్నాను.

అద్దె ఒప్పందం కాగితం కూడా తెచ్చింది, ఇంకో ఏడాదికి. మీరు రాశారు కదా, "సముద్రం పక్కన నీకు బాగుంది కాబట్టి నేనూ ఇంకో ఏడాది ఓడలోనే ఉంటాను. నెలాఖరుకి ఇక్కడ సంతకం పెడతాను, నువ్వు అక్కడ పెట్టెయ్" అని. కాగితం బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా పైన గ్లాసు పెట్టాను.

ఇక సముద్రం ఎలా ఉందన్నారు. ప్రతి ఉత్తరంలోనూ అదే అడుగుతారు. పొద్దస్తమానం సముద్రం మీదే ఉండే మనిషికి సముద్రం కబుర్లెందుకని ఒకసారి రాస్తే, "నీ బాల్కనీలోంచి కనబడే సముద్రం వేరు" అన్నారు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ ఇక్కడికొచ్చే ఆగిపోయాను. ఈసారి చెప్పేస్తాను. నాకు బాల్కనీ లేదండీ. మూడు నెలల నుంచీ లేదు.

సెలవుల కాలం అయిపోగానే సముద్రం వైపు ఫ్లాట్లన్నిటికీ తాళాలు పడ్డాయి. మూడంతస్తుల్లోనూ దీపం వెలిగేది మన ఇంట్లోనే. పొద్దున్న లేస్తే నీళ్ళు, మధ్యాహ్నం చూసినా అవే నీళ్ళు. ఆ హోరు వింటుంటే పక్క గదిలో ఎవరో ఏదో చెప్పబోయి ఆగిపోతున్నట్టు ఉండేది. అప్పుడు ఇంటావిడ వచ్చి, "వారం పది రోజులకి వచ్చేవాళ్ళు సముద్రం వైపే అడుగుతారమ్మా, నువ్వు వెనక ఫ్లాటులోకి మారతావా?" అంది. నోట్లో నాలుక లేనిదాన్ని కదా, తల ఊపేశాననుకుంటారు. అది కాదు. లోపల సంతోషపడే ఊపాను.

వెనక కిటికీ కింద ఇస్త్రీ చేసే ఆవిడ రేకుల పాక ఉంది. ఆవిడ మనుషులుంటే మనుషులతో మాట్లాడుతుంది, లేకపోతే ఇస్త్రీపెట్టెతో మాట్లాడుతుంది. ఒకరోజు నన్ను చూసి, "ఏమ్మా, అసలు నీకు మొగుడున్నాడా? ఓడవాళ్ళ పెళ్ళాలకి గోడలే మొగుళ్ళు!" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ ఊరొచ్చాక పైకి నవ్వడం అదే మొదలు.

ఈ మూడు నెలలూ మీకు రాసిన సముద్రమంతా డాబా మీద బట్టలారేస్తూ చూసిందే. కొన్నిసార్లు చూడకుండానే రాశాను. "ఈరోజు నీలంగా, నెమ్మదిగా ఉంది" అని రాసిన రోజున ఇక్కడ గాలికి రేకులు లేచిపోయాయి. మీరు ఏరికోరి తీసుకున్న బాల్కనీని వదిలేశానంటే చిన్నబుచ్చుకుంటారని భయం.

ఆ పదకొండో తారీఖు సంగతి కూడా చెప్పాలి. "పొద్దున్నే మా ఓడ మీ ఊరి ముందు నుంచే పోతుంది, బాల్కనీకి ఎర్ర దుప్పటి కట్టు" అన్నారు. దుప్పటి పట్టుకుని డాబా ఎక్కితే తలుపుకి తాళం. ఇంటావిడ ఊళ్ళో లేదు. కిందికి దిగి మన పాత ఫ్లాటు ముందు నిలబడ్డాను. అందులో ఎవరో సెలవులకి దిగారు, లోపల పిల్లలు నవ్వుతున్నారు. "ఒక్క క్షణం మీ బాల్కనీ ఇస్తారా" అంటే చాలు. చెయ్యెత్తాను, తలుపు కొట్టలేకపోయాను. మళ్ళీ ఎత్తాను. చివరికి ఇసుకలోకి పరిగెత్తేసరికి సముద్రం మీద ఏమీ లేదు.

మీరేమో, "చూశాను, బాల్కనీలో ఎంత బాగా రెపరెపలాడిందో! అదిగో మా ఇల్లని అందరికీ వేలుపెట్టి చూపించాను" అని రాశారు.

మీరేం చూశారండీ? ఎవరి బట్టో చూసి మనదనుకున్నారా? ఏమీ కనబడకపోయినా నా మనసు నొచ్చుకుంటుందని రాశారా? ఏదైనా నాకు కోపం లేదు. కానీ మీరు వేలుపెట్టి చూపించిన చోట నేను లేను. నేను రాసిన సముద్రాన్ని నమ్మి మీరింకో ఏడాది అక్కడే ఉండిపోతానంటే తట్టుకోలేను.

నేను సంతకం పెట్టలేదు. మీరూ పెట్టకండి. వచ్చెయ్యండి. ఏ ఊరైనా సరే, ఏ వెనక గదైనా సరే, కుళాయి కారినా సరే. ఇద్దరికి వండటం నాకు బాగా వచ్చు.

చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యండి, మీ తోటివాళ్ళ కంటపడితే సిగ్గుతో చచ్చిపోతాను. ముందు రాసిన నాలుగూ నేనే కాల్చేద్దామని చూశాను. ఒక్క అగ్గిపుల్లా అంటుకోలేదు. అలాగే ఉన్నాయి, మీరొచ్చాక కాలుద్దాం.

ఇట్లు,
మీరు మూగపిల్లా అని పిలిచే
మీ భార్య