మూలకు అలికిన ఎర్రమట్టి

బావా,

అన్నం కుక్కర్ల ఉంది, పప్పు వేడి చేసుకో. మేస్త్రి బిక్షపతి పదకొండింటికి వస్తడు. వంటింట్ల కుడిమూలకు స్టవ్ గద్దె కట్టొద్దని చెప్పు. ఎందుకని అడుగుతడు. నేనే వద్దన్ననని చెప్పు, చాలు.

నేను కురవి పోతున్న. అత్తమ్మను బతిమాలి తోలుకొస్త.

మనం ఈ ఇల్లు కొన్నప్పుడు ఆ మూలకు పాత మట్టిపొయ్యి ఉండె గద. "కూలగొట్టే ముందు దాని మీద ఒక్కసారి పాలు పొంగియ్యి బిడ్డా, ఎవరో ఏండ్లకేండ్లు వండుకున్న పొయ్యి" అన్నది అత్తమ్మ. నేను నవ్విన. గడ్డపారతోని తవ్వించి టైల్స్ ఏపిచ్చిన. అప్పటిసంది రోజూ పొద్దున లేచి చూస్తే ఆ కొత్త టైల్స్ మీద ఎర్రమట్టి అలికి, ముగ్గేసి ఉంటున్నది. అత్తమ్మనే నా మీద కోపంతోని చేస్తున్నదనుకున్న. ఆదివారం నోటికొచ్చినట్టు అన్న. ఆమె సంచి పట్టుకొని కురవి బస్సెక్కింది. నువ్వన్న నా నోరు ఆపకపోతివి.

ఇయ్యాల సోమవారం. ఇంట్ల మనిద్దరమే ఉన్నం. పొద్దున మళ్ల అలికి ఉంది, ఇంకా తడి ఆరలే. నువ్వు మాత్రం తుడవకు.

రుచిత

ఇంకోటి. ఆ అలుకు మీద వేళ్ల గీతలున్నయి. మట్టికి తాకకుంట నా చెయ్యి పైన పట్టి చూసిన, సరిగ్గ సరిపోయింది. ఇది రాసుకుంట చూస్తే నా గోర్లల్ల ఎర్రమట్టి ఉంది. బావా, నాకు అలుకుడే రాదు గద.