శ్రమ దినాలు, ముప్పై ఎనిమిది పళ్లు

భస్మ బుధవారం

ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే ముందుగా నన్ను క్షమించాలి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల రెండేసి పెట్టాను. చేతిరాత కోడి గీతలు.

ఈస్టరు వరకు శ్రమ దినాలు కనుక ఎవరికి వారు ఇష్టమైనది ఒకటి మానుకోమని చర్చిలో అయ్యగారు చెప్పారు. అత్తయ్య కాఫీ మానేశారు. మా ఆయన మాంసం మానేశారు, చేపలు లెక్కలోకి రావట. నేను ఆయన సైకిల్ గురించి మాట్లాడటం మానేశాను.

అది మామూలు సైకిల్ కాదు. కొండ మీంచి దిగడానికే చేసినది. ఆయన రొయ్యల మేత ఆఫీసులో గుమస్తా. భీమవరంలో ఒక కాలేజీ అబ్బాయి దగ్గర పాతది కొన్నారు. మా ఊరి చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. ఎత్తు అంటే మురుగుకాలువ మీద వంతెన ఒక్కటే.

మా పుట్టిల్లు పట్టిసీమ దాటాక, కొండ పక్కన. ఈస్టరు మర్నాడు అక్కడ కొండ దిగే పోటీ ఉందని మా అన్నయ్య సాల్మన్ ఫోన్ చేశాడు. ఈయన వస్తానన్నారు. ఆయన వెళితే నేనూ వెళతాను, నేనేమైనా అంటే ఆయన అలిగి మానేస్తారు. పెళ్లయ్యాక అమ్మను చూడలేదు. కాబట్టి నోరు మూసుకోవడం భక్తికీ మంచిది, నాకూ మంచిది. చాలా తేలిక.

గురువారం

తొక్కేచోట ఉండే పళ్ల చక్రం మార్చాలట. పళ్లు ఎక్కువైతే ఒక్క తొక్కుకి చాలా దూరం పోతుంది, కానీ బరువు. తక్కువైతే తేలిక, కానీ దూరం పోదు.

"ముప్పై రెండా, ముప్పై ఎనిమిదా?" అని అన్నం తింటూ అడిగారు.

"పప్పు వెయ్యనా అండి" అన్నాను.

"దిగడానికి స్పీడు కావాలి కదా. ముప్పై ఎనిమిదే" అని ఆయనే తేల్చేశారు.

మా కొండ దారి నాకు తెలుసు. చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ వెనక కూర్చుని దిగేదాన్ని. ప్రతి మలుపులోనూ బ్రేకు వేసి దాదాపు ఆగిపోవాలి. మళ్లీ కదలాలంటే తేలిక గేరు ఉండాలి. ముప్పై ఎనిమిదితో ఈయన మొదటి మలుపులోనే మా ఊరందరి ముందు నిలబడిపోతారు. ఇది ఇక్కడ రాశాను కానీ ఆయనతో అనలేదు.

శనివారం

కొత్త చక్రం బిగించి వంతెన మీద పరీక్ష. గడియారం చూడమన్నారు. నేను చూసేలోపే వంతెన అయిపోయింది. తిరిగి ఎక్కేటప్పుడు ఎదురుగాలి. ముప్పై ఎనిమిది కదల్లేదు. దిగి తోసుకుంటూ వచ్చారు.

ఐసు బండి బుల్లియ్య ఆగి చూశాడు. "విజయ్ బాబూ, దిగడానికి గేర్లెందుకండి? నా బండి తొక్కకుండానే దిగుద్ది."

"ఇది వేరే సైన్సు, బుల్లియ్యా."

"అవునండి. మరి తోసుకొచ్చేది సైన్సునా, సైకిల్నా?"

నేను రెండుసార్లు దగ్గాను. దగ్గు మాట కాదు.

ఆదివారం

శ్రమ దినాల్లో ఆదివారాలు లెక్కలోకి రావని అయ్యగారే చెప్పారు. అంటే ఈ రోజు మాట్లాడవచ్చు. చెప్పాల్సినదంతా వరసగా సిద్ధం చేసుకున్నాను. ఆయన చైను కోసం భీమవరం వెళ్లి, వచ్చి, పడుకున్నారు.

సోమవారం

సాయంత్రం కుటుంబ ప్రార్థన. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. నా వంతు వచ్చింది.

"ప్రభువా, మలుపుల దారిలో మాకు తోడుండుము. మా ఇంటి యజమానికి ముప్పై రెండు పళ్ల చక్రమును దయచేయుము."

ఆయన వంతు: "ప్రభువా, తెలియని విషయాల్లో వేలు పెట్టని మనసు ఈ ఇంట్లో అందరికీ ఇయ్యుము."

అత్తయ్య వంతు: "తండ్రీ, అన్నం చల్లారిపోతోంది. ఆమేన్."

ప్రార్థన మాట్లాడటం కిందికి రాదు. దేవుడితో కదా.

శుక్రవారం

ప్రార్థనలు పెద్దవయ్యాయి. నిన్న బ్రేకులు, ఇవాళ వెనక చక్రం. అత్తయ్య మోకాళ్ల కింద దిండు వేసుకుంటున్నారు.

ఆదివారం

చర్చిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆయన లేచారు. "ఈ వారం ప్రార్థనలో దేవుడు నాతో మాట్లాడాడండి. విజయ్ పాల్, ముప్పై రెండు పళ్లది పెట్టు, అన్నాడండి."

ఆడవాళ్ల వరసలోంచి ఎవరో "అది నేనండీ అన్నది" అన్నారు.

చూస్తే నేనే.

ఇంటికి వచ్చే దారిలో అత్తయ్య, "మాట్లాడనని తీర్మానం చేసుకుని, మైకు లేకుండానే వినపడ్డావే రెబెక్కా" అన్నారు.

"ఆదివారం లెక్కలోకి రాదండి అత్తయ్యా."

సోమవారం

నిన్న మొదలైన మాట నిన్న పూర్తి కాలేదు. ఇడ్లీ పెడుతూ మలుపులు చెప్పాను, చట్నీ వేస్తూ బ్రేకులు చెప్పాను. క్యారేజీ కట్టేటప్పుడు సాక్ష్యం సంగతి మళ్లీ ఎత్తాను. ఆయన క్యారేజీ అక్కడే పెట్టేశారు.

"పోటీకే వెళ్లను. సైకిల్ అమ్మేస్తాను." ఆఫీసుకు వెళ్లిపోయారు.

తీర్మానం పోయింది. దానితో అమ్మ దగ్గరికి వెళ్లడమూ పోయింది. మధ్యాహ్నం అన్నం వండాను, తినలేదు.

మంగళవారం

సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. అత్తయ్యే మొదలుపెట్టారు.

"ప్రభువా, కాఫీ లేక నా తల పగిలిపోతోంది. దానికి తోడు వీళ్లిద్దరూ నిన్ను మధ్యలో కూర్చోబెట్టి కొట్టుకుంటున్నారు. ఈ పిల్లని ఒకసారి వాళ్లమ్మ దగ్గరికి పంపించు తండ్రీ. సైకిల్ వెళ్లినా, వెళ్లకపోయినా."

తర్వాత ఆయన వంతు: "ప్రభువా, ముప్పై రెండుది ఇవాళే బిగించాను. ఆ కొండ మీద ఒక్కో మలుపు దగ్గరా కేకేసి చెప్పేవాళ్లు ఒకరు కావాలి. ఆమేన్."

నేను నా వంతుకి ఆమేన్ ఒక్కటే అన్నాను. ఇంకేమైనా అంటే ఏడుపు వచ్చేలా ఉంది.

బుధవారం

తీర్మానం మళ్లీ మొదలు. ఈస్టరు వరకు సైకిల్ గురించి ఒక్క మాట అనను. ఆదివారాలు, ప్రార్థనలు తీసేసి. కొండ మలుపులు కూడా తీసేసి, అవి ఆయనే అడిగారు కనుక.

సీటు మరీ ఎత్తుగా ఉంది, దిగేటప్పుడు ముందుకు పడతారు. ఆ సంగతి పొద్దున్నే చెప్పేశాను. కాబట్టి రేపటి నుంచి.

ఇది చదివినవారు దయచేసి వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేయండి. అత్తయ్య చూస్తుండగా వద్దు. ఇవాళ చాటుగా కాఫీ మళ్లీ మొదలుపెట్టారని రాశానని తెలిస్తే, రేపు ఆవిడ ప్రార్థనలో నా వంతు వస్తుంది.