పసుపు టేపు పెట్టెలు

అమ్మా,

నీ చెవులు ఫోన్‌కి సహకరించవు, ఇది అరిచి చెప్పే సంగతీ కాదు. అందుకే ఉత్తరం. అన్నయ్యకు చూపించకు, వదినకు అసలే వద్దు.

మొన్న మంగళవారం బడి దగ్గరి కూడలిలో, పిల్లలు ఇంకా రోడ్డు మధ్యలో ఉండగానే వాళ్ళ పచ్చదీపం ఆరిపోయి వాహనాలకు పచ్చ వెలిగింది. లారీ డ్రైవరు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది గాని, ఒక పాప టిఫిను డబ్బా చక్రం కింద నలిగింది. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల ఇంకా దాని మూత కోసం వెదుక్కుంటోంది.

సిగ్నల్ పెట్టె తెరిస్తే తీగలన్నీ బాగానే ఉన్నాయి. ఎవరో ఫోన్‌తోనే పరీక్ష దారిలోంచి లోపలికి చొరబడి దీపాలు మార్చారు. పెట్టె బిగించేటప్పుడు సరిచూసుకోవడానికి కంపెనీవాళ్ళు ఇచ్చే దారి అది, పాస్‌వర్డు కూడా అడగదు. పని అవగానే మూసెయ్యాలి. మనం మూయం. మూస్తే ప్రతి చిన్న మరమ్మతుకీ తాళంచెవి కోసం ఆఫీసుకు పరుగెత్తాలని, తెరిచి ఉంచితే వానలో గొడుగు కింద నిలబడి ఫోన్‌తోనే బాగుచేయొచ్చని నువ్వే నేర్పావు. అలా ఉంచిన పెట్టె తలుపు లోపల పసుపు టేపు ముక్క అంటించడమూ నీ దగ్గరే నేర్చుకున్నాను. ఆసుపత్రి కూడలిలో ఎర్రదీపం బిగుసుకుపోయి అంబులెన్సు ఆగిపోతే, ఆ దారిలోంచే ఒక్క నిమిషంలో పచ్చ వెలిగించావని నీకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ కథ వినే నేనీ పనిలోకి వచ్చాను.

ఆ దారి తెరిచి ఉంచిందెవరని ఇంజనీరుగారు అందరినీ నిలబెట్టి అడిగితే, అది నేను బిగించిన పెట్టే అయినా నోరు మెదపలేదు. ఆయన అనుమానం కంపెనీ మీద. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అంతకంటే, ఈ అలవాటు ఎక్కడిదని అడుగుతారన్న భయం ఎక్కువ. ఆఫీసు గోడ మీద ఇంకా నీ ఫోటో ఉంది.

అయినా వచ్చే సోమవారం విచారణలో చెప్పేస్తాను. నీ పేరు మాత్రం చెప్పను. నేను బిగించిన పద్నాలుగు పెట్టెలూ నిన్న ఊరంతా తిరిగి మూసేశాను. నువ్వు తెరిచి ఉంచినవి ఎన్నో, ఎక్కడో తెలియదు. నన్ను తిట్టుకోకు.

నీ మొండిఘటం

మొండిఘటమా,

నీ ఉత్తరం అందింది. మీ వదిన చదివి వినిపిస్తానంది. చెడింది చెవులే, కళ్ళు కాదని పంపేశాను.

నా పేరు చెప్పవా? చెప్పకపోతే నేనే ఊరుకోను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇందులో నీది చిటికెడు, గంపెడు నాది. ఆసుపత్రి కథ నీకు సగమే చెప్పాను. ఆ దీపం తనంతట తాను బిగుసుకోలేదు. నేను వంద గజాల దూరంలో, మార్కెట్ కూడలిలో గొడుగు కింద నిలబడి, అక్కడి పెట్టె అనుకుని ఫోన్‌లో ఆసుపత్రి పెట్టెకు ఎరుపు నొక్కాను. అంబులెన్సు కూత వినబడ్డాక గాని తెలియలేదు. నా తప్పు నేను దిద్దుకున్నందుకు పత్రం ఇచ్చారు. తప్పెవరిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అంబులెన్సులోని మనిషి బతికాడు. దీపాలు తారుమారు చేయడానికి దొంగే రానక్కర్లేదు, నాలాంటి తొందరమనిషి చాలని ఆ రోజే తెలిసింది. తెలిసీ నీకు అదే నేర్పాను. అది ఇన్నేళ్ళూ నన్ను తొలుస్తూనే ఉంది.

నోరు విప్పే ధైర్యం నాకు అప్పుడు లేదు, నీకుంది. నాకు గర్వంగా ఉందే. సోమవారం తొలి బస్సుకు వస్తున్నాను. ఇంజనీరు ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడదాం. ఆయన గట్టిగా తిట్టినా నాకెలాగూ వినబడదు, నా వాటా కూడా నువ్వే వినాలి.

అంతదాకా ఆగకు. ఈ ఉత్తరం అందగానే మూయడం మొదలుపెట్టు. నేను తెరిచి ఉంచినవి నలభై తొమ్మిది, కూడలి కూడలీ గుర్తుంది. జాబితా దీంతోపాటే పంపుతున్నాను. చేతుల్లో నలిగినా చిరగని మందపాటి కాగితం కోసం ఇల్లంతా వెదికితే గోడ మీద ఆ ప్రశంసాపత్రం కనబడింది. చట్రం విప్పి, దాని వెనకే రాశాను. ఒక్కో పెట్టె మూసినప్పుడల్లా టిక్కు పెట్టుకో.

మీ అమ్మ